జైల్లో "నిన్ను నువ్వు తెలుసుకో" క్లాసు చెప్తున్నా, మొదటి రెండూ ఫెయిల్. ఎక్కడ మొదలుపెట్టాలి?

హనుమకొండ_పిల్ల:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. ఇక్కడికి కొంచెం దూరంలో ఉన్న ఒక జైల్లో (ఏ జైలో రాయను) మూడు నెలల పాటు, వారానికి రెండు రోజులు "వ్యక్తిత్వ వికాసం, స్వీయ అవగాహన" క్లాసులు తీసుకుంటారా అని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. చిన్నప్పుడు వరంగల్‌లో సెంట్రల్ జైలు గోడ పక్క నుంచే ఎంజీఎం ఆస్పత్రికి పోయేవాళ్లం, అంత పెద్ద గోడ వెనక ఏముంటుందో అని ఒకటే ఆరాటం. 1886లో కట్టిన ఆ జైలును 2021లో కొత్త ఆస్పత్రి కోసం కూలగొట్టేశారు, లోపలున్న వాళ్లను వేరే జైళ్లకు పంపేశారు, ఇదంతా మీకు తెలిసిందే. ఆ జైల్లో నేసిన జంపఖానా ఒకటి మా అమ్మ దగ్గర ఇంకా ఉంది, పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయదు.

సరే, అసలు విషయం. మొదటి రోజు రంగు రంగుల చార్టు ఒకటి రాత్రంతా కూర్చుని గీసుకుని పోయాను. గేటు దగ్గరే ఆపేశారు. ఫోన్ ఇవ్వాలని తెలుసు కానీ పిన్నులు, స్కెచ్ పెన్నులు, చార్టు అన్నీ పక్కన పెట్టమన్నారు, ముందే రాతపూర్వకంగా అడిగి ఉండాల్సిందట. ఇక చేసేదేం లేక లోపల బోర్డు మీద సుద్దముక్కతో గీశాను. సైకాలజీ చదివిన వాళ్లకు తెలిసే ఉంటుంది, జొహారీ కిటికీ అంటారు. 1955లో జో, హ్యారీ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు తమ పేర్లు కలిపి పెట్టిన పేరు. నాలుగు గడులు ఉంటాయి: నాకూ తెలుసు, ఇతరులకూ తెలుసు; నాకు తెలుసు, ఇతరులకు తెలియదు; ఇతరులకు తెలుసు, నాకు తెలియదు; ఎవరికీ తెలియదు. మా డిగ్రీ పిల్లలకైతే పది నిమిషాల్లో ఎక్కుతుంది. ఇక్కడ ఇరవై మందికి పైగా కూర్చున్నారు, "అర్థమైందా?" అంటే అందరూ ఒకే గొంతుతో "అయింది మేడమ్". వెనక నుంచి ఒకాయన మెల్లగా "మేడమ్, ఈడ కిటికీలన్నిటికీ ఊచలే ఉంటయి" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్లాసు అక్కడికి అయిపోయింది, మిగతా నలభై నిమిషాలు నేనొక్కదాన్నే మాట్లాడాను.

రెండో క్లాసులో ఇంకా పెద్ద పొరపాటు చేశాను. కాగితాలు పంచి "మీ జీవితంలో మీరు చేసిన పెద్ద తప్పు, దాని నుంచి నేర్చుకున్నది" రాయమన్నాను. సగం మందికి రాయడం రాదు, ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. రాయగలిగిన వాళ్లలో ముగ్గురు "నేను ఏ తప్పూ చేయలేదు" అని రాసి కింద సంతకం కూడా పెట్టారు, ఏదో స్టేట్‌మెంట్ ఇస్తున్నట్టు. ఒక అబ్బాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, కాగితం చూస్తూ చూస్తూ ఏడవడం మొదలుపెట్టాడు. వార్డర్ వచ్చి బయటికి తీసుకుపోయారు. మూడో క్లాసుకు ఆ అబ్బాయి రాలేదు. ఎందుకు రాలేదు అని అడిగితే "ఒంట్లో బాగాలేదట మేడమ్" అన్నారు.

ఇంటికొచ్చి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎక్కువ మంది రిమాండ్ వాళ్లు, ఈ వారం ఉన్నోళ్లు వచ్చే వారం ఉంటారో ఉండరో తెలియదు. ఇలాంటి చోట మనసు గురించి ఎట్లా మాట్లాడాలి? లోపల పనిచేసిన వాళ్లు, లోపల ఉండి వచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. తిట్టినా పర్వాలేదు.

—

ఏడు_నెలలు:

అక్కా, తిట్టను. నేను రిమాండ్‌లో ఏడు నెలలు ఉండి వచ్చిన, కేసు కొట్టేసిండ్రు. పొలం గెట్టు పంచాయితీ. అంతకన్నా ఇక్కడ చెప్పను.

ముందుగాల ఆ "పెద్ద తప్పు రాయండి" ముచ్చట. రిమాండ్‌లో ఉన్నోనికి ఆ కాగితం ఎట్లా కనపడుతుందో తెలుసా? పోలీస్ స్టేషన్‌లో ముందర పెట్టిన కాగితం లెక్కనే. మీరు మంచి మనసుతోనే ఇచ్చిండ్రు, నాకు అర్థమైతుంది, కానీ లోపలున్నోడు కాగితం, పెన్ను, "తప్పు" అనే మాట, ఈ మూడూ ఒక్క దగ్గర చూస్తే గజగజ వణుకుతడు. అందుకే సంతకం పెట్టి ఇచ్చిండ్రు. వాళ్లు మిమ్మల్ని వెక్కిరించలేదు, భయపడ్డరు.

రెండోది, ఏడ్చిన పిల్లగాడు. మీ క్లాసు పదకొండు గంటలకు అయిపోతుంది, మీరు బస్సెక్కి ఇంటికి పోతరు. వాడు బ్యారక్‌కు పోతడు. ఆడ నలభై మంది వరుసగా పండుకుంటరు, ఏడుద్దామంటే మూల లేదు, బాత్రూంల కూడా ఎక్కువసేపు ఉంటే తలుపు కొడతరు. పొద్దుగూకకముందే అన్నం పెట్టి తాళం వేస్తరు, అప్పటి నుంచి తెల్లారేదాకా ఎంత పొడుగో, అది పగలు మాట్లాడే వాళ్లకు తెల్వదు. గంటసేపట్ల మూయలేని దాన్ని తెరవకండి అక్కా. వాడు రాకపోవుడు ఒంట్లో బాగలేక కాదు, నలుగురి ముందు ఏడ్చిండు కాబట్టి. రెండు రోజులు "ఏంరా, మేడమ్ ఏడిపిచ్చిందా" అని ఆటపట్టిచ్చి ఉంటరు. మళ్ల వస్తడు. వచ్చినప్పుడు ఏమీ జరగనట్టే ఉండండి, "ఎట్లున్నవ్, తగ్గిందా" అని కూడా అడగొద్దు.

మూడోది, వాళ్లు మీ క్లాసుకు ఎందుకొస్తున్నరో తెలుసుకోండి, కానీ బాధపడకండి. బ్యారక్ నుంచి బయటపడనీకి వస్తరు. ఫ్యాన్ మంచిగ తిరుగుతదని వస్తరు. లిస్టుల పేరు రాసిండ్రని వస్తరు. నేను ఫ్యాన్ కోసమే పోయిన.

మేమున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చేటోడు, ఆశ్రమమో ట్రస్టో నాకు యాదికి లేదు. ఆయన మొదటి రోజు ఒక్కటే అడిగిండు, "పొద్దున లేవంగనే మొట్టమొదట మీకు ఏం యాదికొస్తది?" అని. అడిగి నోరు మూసుకుని కూసున్నడు. ఎవ్వరూ మాట్లాడలే. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. జైల్ల అంత సప్పుడు లేకుండా ఎప్పుడూ ఉండదు. నా నోట్లకెల్లి "మా బర్రె" అని వచ్చింది. అందరూ నవ్విండ్రు. ఆయన నవ్వలే. "ఎందుకు?" అన్నడు. పాలు పిండేది నేనే, మా అమ్మకు చేతులు నొప్పులు, వేరేటోళ్ల చేతికి అది పాలియ్యదు, తంతది. గది చెప్తుంటే నాకు గొంతు పట్టింది. అప్పటిదాకా నేను అనుకున్నది నాకు కోపం మాత్రమే ఉన్నదని, ఆ గెట్టు మీద, ఆ మనిషి మీద. కోపం కింద భయం ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది, అమ్మ ఒక్కతే ఏం చేస్తుందో అన్న భయం. మీరు స్వీయ అవగాహన అంటున్నది గిదే కావచ్చు, మాకు ఆ మాట తెల్వదు.

ఇంకొక్కటి, వాయిదాకు పోయొచ్చిన రోజు ఎవ్వని తలకాయ క్లాసుల ఉండదు. బెయిల్ వచ్చినా షూరిటీ పెట్టెటోళ్లు లేక ఆగిపోయినోళ్లు ఉంటరు, వాళ్లనైతే ఆ టెన్షన్‌ల ఏమీ అడగొద్దు. ఇంటికి చిట్టీ ఇయ్యండి, ఫోన్ చేయండి అని మిమ్మల్ని అడుగుతరు. ఎంత పాపమనిపిచ్చినా చేయకండి. ఒక్కసారి చేస్తే మీ క్లాసు బంద్.

—

వకీల్_సాబ్_జనగామ:

ఏడు_నెలలు తమ్ముడు చెప్పిన దాంట్లో చట్టం వైపు మాట ఒకటి కలుపుతాను, మేడమ్ గారు దయచేసి సీరియస్‌గా తీసుకోండి.

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో పనికిరాదని అందరికీ తెలుసు. కానీ మామూలు మనిషి ముందు చెప్పుకున్న మాట సాక్ష్యంగా రావచ్చు. దాన్ని బలహీనమైన సాక్ష్యంగానే కోర్టులు చూస్తాయి, అయినా రావచ్చు. వకీలుకు చెప్పిన దానికి చట్టంలో రక్షణ ఉంది, మీ క్లాసులో చెప్పిన దానికి లేదు. అంటే రేపు ఒకతను మీ ముందు మనసు విప్పి "అవును, నేనే కొట్టాను" అంటే, మీరు సాక్షి. మీ దగ్గర ఉన్న ఆ కాగితాలు కూడా అంతే. "తప్పు చేయలేదు" అని రాసినవి సరే, మిగతా వాళ్లు ఏం రాశారు? నేనైతే ఎవరి కాగితం వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాను. మొదటి నిమిషంలోనే చెప్పండి: ఇక్కడ కేసు గురించి ఎవరూ మాట్లాడొద్దు, నేనూ అడగను అని.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కాని మనిషిని పశ్చాత్తాపపడమని అడగడం ధర్మం కాదు, క్లాసు పేరు ఏదైనా సరే.

ఇంకో చిన్న మాట. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా. ఫోన్ నంబర్ 15100. మీరు కేసు మాట్లాడకూడదు కానీ ఈ ఒక్క ముక్క బోర్డు మీద రాయొచ్చు. సగం మంది తలనొప్పి మనసుది కాదు, తన వకీలు ఎవరో తనకే తెలియకపోవడం.

—

మానుకోట_రైతు:

అందరూ మంచిగనే చెప్తున్నరు. నేను వేరే మాట చెప్తా, కోపం చేసుకోకండి.

మా తమ్ముణ్ణి చంపిన మనిషి ఇప్పుడు ఏదో జైల్ల ఉన్నడు. యోగా చేస్తున్నడట, డిగ్రీకి కూడా కట్టిండట. మా మరదలు ఇద్దరు పిల్లలతోని కూలికి పోతుంది. ఆమె మనసు ఎట్లున్నదని అడగనీకి ఇంతవరకు ఏ మేడమూ రాలే, ఏ సారూ రాలే. మాకెవరు చెప్తరు క్లాసు?

—

హనుమకొండ_పిల్ల:

అన్నా, మీ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే మా కాలేజీలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, నాకూ రాలేదు. మీ మరదలితో మాట్లాడ్డానికి ఎవరైనా ఉంటే బాగుంటుందనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, మానుకోటకు నేనే వస్తాను. క్లాసు చెప్పడానికి కాదు.

—

వకీల్_సాబ్_జనగామ:

మానుకోట అన్నా, బాధితుల కుటుంబానికి పరిహారం స్కీమ్ ఉంది, అదే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి. నిందితుడికి శిక్ష పడినా పడకపోయినా పెట్టుకోవచ్చు. ఇంతవరకు పెట్టలేదంటే కాగితాలు తీసుకుని నా దగ్గరికి రండి, ఫీజు మాట ఎత్తను.

—

కాజీపేట_పాత_పంతులు:

అమ్మా, నేను రిటైరై చాలా రోజులైంది. మీరు చెప్పిన ఆ పాత సెంట్రల్ జైల్లోనే కొంతకాలం అక్షరాలు నేర్పించాను. అందుకే ఈ చర్చ చదువుతుంటే చేయి ఊరుకోలేదు. టైపింగ్ నా మనవరాలు చేస్తోంది, తప్పులుంటే ఆమెవి.

మన జైళ్లలో విద్యాదానం అని ఒక కార్యక్రమం నడిచింది. చదువొచ్చిన ఖైదీ చదువురాని ఖైదీకి నేర్పుతాడు. వేలిముద్ర వేసి లోపలికి వచ్చినవాడు సంతకం పెట్టి బయటికి పోవాలన్నది దాని ఉద్దేశం. వ్యక్తిత్వ వికాసమనే పేరు దానికి లేదు గానీ నేను చూసిన మార్పంతా అక్కడే చూశాను. యాభై దాటిన మనిషి తన పేరు తాను మొదటిసారి రాసుకుని, పలక పక్కకు పెట్టకుండా భోజనానికి కూడా దాన్ని పట్టుకునే పోయాడు. మీరు మనసు గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా ఇరవై మందికి సంతకం నేర్పితే, మనసు మాటలు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు. ఇది నా గట్టి నమ్మకం, మీ సైకాలజీ వాళ్లు ఒప్పుకోరేమో.

సరే, మీకు క్లాసే కావాలి కదా. నేను చేసిన పని ఒకటి చెప్తాను. జంపఖానాల షెడ్డులో పనిచేసే ఒకాయన ఉండేవాడు, బయట కూడా కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్న మనిషే. మంచి పనివాడు, కానీ వారానికొకసారి ఎవరితోనో ఒకరితో కొట్లాట. ఎందుకయ్యా అంటే "ఏమో సారు, ఒళ్లు తెలవలే, ఒక్కసారి తలకాయ తిరిగింది" అనేవాడు. అందరూ చెప్పేది ఇదే, మీరూ వింటారు: ఒళ్లు తెలవలే. అంటే ఆ కోపానికి ముందు ఏమీ లేదు, ఆకాశం నుంచి ఊడిపడింది అని వాళ్ల లెక్క.

నేను ఆయన్ను అడిగాను, మగ్గం మీద పూవు తప్పు పడితే నీకు ఎప్పుడు తెలుస్తుందయ్యా అని. "నాలుగు వేళ్ల వెడల్పు నేసినాక తెలుస్తది సారు" అన్నాడు. అప్పుడేం చేస్తావు? "పేక ఇప్పుకుంట ఎనకకు పోత, తప్పు కాడికి వచ్చేదాకా." పేక అంటే మగ్గం మీద అడ్డంగా నేసే దారం. సరే, మొన్న అన్నం లైన్లో కొట్లాట ఉంది కదా, దాన్ని కూడా అట్లా విప్పుకుంటూ పో అన్నాను. చేయి ఎత్తకముందు ఏమైంది? వాడు నవ్విండు. నవ్వకముందు? నా గిన్నె కింద పడ్డది. పడకముందు? లైన్లో నిలబడ్డప్పటి నుంచే దవడ బిగబట్టి ఉన్న. ఎందుకు? పొద్దున ములాఖత్‌కు ఎవ్వరూ రాలే. ఎవరొస్తారనుకున్నావ్? బిడ్డ వస్తదనుకున్న. చూడమ్మా, అన్నం లైన్లో కొట్లాట పొద్దున పది గంటలకే మొదలైంది, మధ్యాహ్నం కాదు. దీన్ని మీ పుస్తకాల్లో ఏదో పేరు పెట్టి పిలుస్తారని తర్వాత ఎవరో చెప్పారు, నాకైతే ఆయన మగ్గమే నేర్పింది.

ఆయన కొట్లాటలు మానేశాడా అంటే మానలేదు. తగ్గినయ్. ఒకసారి నా దగ్గరికి వచ్చి "సారు, ఇయ్యాల దవడ బిగుసుకుంటుంది, నేను లైన్‌ల ఆఖర్న నిలబడత" అన్నాడు. నాకది చాలు.

గమనించారా, ఇందులో కేసు మాట లేదు. జైల్లో జరిగిన చిన్న కొట్లాట మాత్రమే. వకీలు గారు చెప్పిన చిక్కు దీంట్లో రాదు. గిన్నె, లైను, ఫ్యాను కింద జాగా, దుప్పటి, టీవీ రిమోట్, లోపల తగవులకు కొదవేం లేదు, పాఠాలన్నీ అక్కడే దొరుకుతాయి.

—

మౌనం_పాటిస్తున్నా:

విపశ్యన ధ్యానం పేరు ఎవరూ ఎత్తలేదేంటి? నేను పదేళ్లుగా సాధన చేస్తున్నాను, అందుకే రాస్తున్నా. జైల్లో విపశ్యన కోర్సు మొదట జరిగింది 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో. పోలీసు అధికారి కిరణ్ బేడీ ఢిల్లీలోని తీహార్ జైలు చూసుకున్న కాలంలో, 1994లో, ఒకేసారి వెయ్యి మందికి పైగా ఖైదీలు పది రోజుల కోర్సులో కూర్చున్నారు. మాట లేదు, రాత లేదు, చదువు రావాల్సిన పనిలేదు, ఊపిరి చూసుకోవడమే. చదువురాని వాళ్లకు ఇంతకన్నా సూటి దారి నాకు తెలియదు.

—

ఏడు_నెలలు:

మౌనం అన్నా, మంచిదే కానీ పది రోజులు మాట్లాడకుండా కూసోవాలంటే దానికి వేరే జాగా, వేరే తిండి, అధికారుల మద్దతు, అన్నీ కావాలె. అక్కకు వారానికి రెండు గంటలు. ఇంకో ముచ్చట, కొత్తగ వచ్చినోణ్ణి కండ్లు మూసుకో అంటే మూయడు. నలభై మంది మధ్యల కండ్లు మూసుకునుడు అలవాటు కావాల్నంటే నెలలు పడుతుంది. కండ్లు తెరిచే ఊపిరి చూసుకోమంటే చేస్తరు.

—

మౌనం_పాటిస్తున్నా:

కళ్లు మూసుకోవడం గురించి నేను ఎప్పుడూ అట్లా ఆలోచించలేదు. నిజమే తమ్ముడూ.

—

కరీంనగర్_టు_న్యూజెర్సీ:

ఇక్కడ అమెరికాలో జైళ్లకు వాలంటీర్‌గా పోయే ఒక కొలీగ్ ద్వారా తెలిసిన సంగతి. హింసకు ప్రత్యామ్నాయాలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం ఉంది, 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైల్లో మొదలైంది. నాకు నచ్చింది ఏంటంటే, అది బయటి వాళ్లు తెచ్చి రుద్దింది కాదు. లోపలున్న ఖైదీలే, కొత్తగా వచ్చే కుర్రాళ్లు తమలా కాకూడదని, క్వేకర్లనే శాంతివాద క్రైస్తవుల్ని అడిగి చేయించుకున్నారు. ఇప్పటికీ ఖైదీలే శిక్షణ తీసుకుని బయటి వాలంటీర్లతో కలిసి నడుపుతారు. గుండ్రంగా కూర్చుంటారు, టీచర్ కుర్చీ వేరే ఉండదు, మాట్లాడాలని లేనివాడు "పాస్" అనేసి పక్కవాడికి వదిలేయొచ్చు. మేడమ్, ఆ "పాస్" ఒక్కటి పెట్టి చూడండి. మాట్లాడకుండా ఉండే హక్కు ఇస్తే జనం ఎక్కువ మాట్లాడతారు, మా ఆఫీసు మీటింగుల్లో కూడా చూశాను (అక్కడైతే అందరూ పాసే).

మన దగ్గర బోలెడు కళలున్నాయి కదా. మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పేటప్పుడు కథ చెప్పేవాడు ఒక మాట అంటే పక్కవాడు "ఆ తర్వాత ఏమైందన్నా" అని అడిగి అడిగి లాగుతాడు. ఒక కల్పిత మనిషిని పెట్టి, వాడికి కోపం వచ్చిన కథ ఒకరు చెప్తుంటే ఇంకొకరు అట్లా లాగుతూ పోతే? పంతులు గారి పేక విప్పడమే, కాకపోతే డోలు చప్పుడుతో.

—

హనుమకొండ_పిల్ల:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అందరికీ ఒక్కొక్కరికి థాంక్స్ చెప్పాలి కానీ జరిగింది చెప్తే చాలనుకుంటా.

ముందు కాగితాలు తిరిగి ఇచ్చేశాను. ఇస్తుంటే ఒక్కొక్కరు చదువుకుని, మడిచి, చింపి, ముక్కలు జేబులో పెట్టుకున్నారు. తర్వాత రెండు మాటలే చెప్పాను: కేసు మాట వద్దు, మాట్లాడాలని లేకపోతే "పాస్". కుర్చీ పక్కకు జరిపి నేనూ జంపఖానా మీదే కూర్చున్నాను. దానికి వార్డర్ గారు చాలా ఇబ్బంది పడ్డారు, "మేడమ్, కుర్చీ ఉంది కదా" అని మూడుసార్లు అన్నారు.

మొదటి రోజు అందరూ పాస్. ఇరవై మంది, ఇరవై పాస్‌లు, నవ్వులే నవ్వులు. నేను కూడా పాస్ అన్నాను. రెండో రౌండులో కిటికీల గురించి జోకు వేసిన ఆయన, నలభై అయిదేళ్లుంటాయి, భూపాలపల్లి వైపు మనిషి, "నాకు కోపమొస్తే చెవులు వేడెక్కుతయి మేడమ్" అన్నాడు. ఏ చెవి అని అడిగాను, ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయన నిజంగానే ఆలోచించి, చేయి పెట్టి చూసుకుని, "ముందుగాల ఎడమది" అన్నాడు. ఆ తర్వాత వరుసగా మొదలైంది. ఒకరికి అరచేతులు, ఒకరికి కడుపు, ఒకరికి కాలు ఊగుతుంది. స్వీయ అవగాహన అనే మాట నేను వాడలేదు, ఆ రోజు నుంచి ఇప్పటిదాకా వాడలేదు.

ఏడ్చిన అబ్బాయి మళ్లీ వచ్చాడు. మీరు చెప్పినట్టే ఏమీ అడగలేదు తమ్ముడూ. నాలుగు క్లాసులు వరుసగా పాస్ అన్నాడు.

మొన్నటి క్లాసులో రాత్రి నిద్ర గురించి మాట వచ్చింది. ఒకాయన, నాకసలు కలలే రావు, నేను మంచిగ నిద్రపోత అన్నాడు. పక్కన కూర్చున్న ఆ అబ్బాయి తల దించుకుని, అతని వైపు చూడకుండా, "అన్నా, నువ్వు రాత్రిపూట పండ్లు కొరుకుతవ్" అన్నాడు. "ఎవరు, నేనా?" "అవునన్నా, రోజూ. బిడ్డ పేరు పెట్టి కూడా పిలుస్తవ్." ఆయన ఒప్పుకోలేదు. అబద్ధం అన్నాడు. అప్పుడు అటువైపు పండుకునే ఇద్దరు, అవును, మేమూ విన్నం అన్నారు. ఆయన కాసేపు దవడ మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత "మరి గిన్ని రోజులు చెప్పలేదేందిరా?" అని అడిగాడు. అబ్బాయి, "నీకు తెలుసనుకున్న" అన్నాడు.

నా నాలుగు గడుల కిటికీలో మూడో గడి అదే. మొదటి రోజు బోర్డు మీద నలభై నిమిషాలు చెప్పలేకపోయింది.

బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర ఆ చార్టు ఇంకా అల్మారా మీద చుట్టి ఉంది, దుమ్ము పట్టింది. తీసుకుపోతారా మేడమ్ అని అడిగారు. వచ్చే వారం అన్నాను. పంతులు గారూ, వచ్చే వారం పలకలు తీసుకుపోవడానికి పర్మిషన్ కోసం రాసి ఇచ్చాను. సంతకం రానివాళ్లు తొమ్మిది మంది తేలారు, అందులో పళ్లు కొరికే ఆయన ఒకరు. ఆయన ముందు తన పేరు వద్దట, బిడ్డ పేరు నేర్పమంటున్నారు. పలకలు చెక్కవి కొనాలా, ప్లాస్టిక్‌వైతే గేటు దగ్గర ఇబ్బంది ఉండదా?

—

కాజీపేట_పాత_పంతులు:

ప్లాస్టిక్‌వే తీసుకోమ్మా, అంచులు గుండ్రంగా ఉన్నవి చూసి. బలపాలు ఎక్కువ కొను, తింటారు.